సంఘం కోసం సంతకం పెట్టినవాళ్లకు రక్షణ ఎవరిది? కార్మిక శాఖకు బహిరంగ లేఖ

రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి, కమిషనర్ గారికి, ట్రేడ్ యూనియన్ల రిజిస్ట్రేషన్ చూస్తున్న అధికారులందరికీ,

నమస్కారం.

మేము హైదరాబాద్ శివారు పారిశ్రామికవాడలో ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీ కార్మికులం. యూనియన్ రిజిస్ట్రేషన్ కోసం దరఖాస్తు పెట్టుకున్నాం. నెలలు గడుస్తున్నా దాని మీద అవుననో కాదనో రాతపూర్వకంగా జవాబు రాలేదు. ఈలోపు సంతకాలు పెట్టినవాళ్లలో చాలామంది ఉద్యోగాలు పోయి గేటు బయట ఉన్నారు. లేబర్ ఆఫీసులో వినతిపత్రం ఇచ్చాం. కలెక్టరేట్‌లో అర్జీ పెట్టాం. రిజిస్టర్ పోస్టులో గుర్తు చేశాం. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులు తప్ప ఇంకేమీ తిరిగి రాలేదు. అందుకే ఇప్పుడు అందరికీ తెలిసేలా రాస్తున్నాం.

కంపెనీ పేరు, ఆఫీసు పేరు ఇక్కడ రాయడం లేదు. లోపల ఇంకా పనిచేస్తున్న మావాళ్లు ఉన్నారు. పైగా ఇది ఒక్క కంపెనీ గొడవ కూడా కాదు. మా రోడ్డులో ఏ గేటు దగ్గర టీకొట్టులో కూర్చున్నా ఇలాంటివే వింటాం.

మా బాధంతా ఒక్కచోట ఉంది. దరఖాస్తు పెట్టిన రోజుకూ సర్టిఫికెట్ చేతికొచ్చే రోజుకూ మధ్య కార్మికుడికి ఏ రక్షణా లేదు. ఆ మధ్యకాలంలోనే సంఘాలను పుట్టకముందే చంపేస్తున్నారు. దయచేసి ఓపిగ్గా చదవండి.

1. మేము పెద్దపెద్ద కోరికలతో మొదలుపెట్టలేదు. సాల్వెంట్ (రసాయన ద్రావకం) దగ్గర పనిచేసేటప్పుడు పెట్టుకునే మాస్కుకు గాలిని వడకట్టే క్యాట్రిడ్జ్ ఉంటుంది. అది అయిపోతే వాసన మాస్కు లోపలికే వస్తుంది, తల దిమ్మెక్కుతుంది. కొత్తది ఇమ్మని సూపర్‌వైజర్‌ని అడిగితే స్టోర్స్‌లో లేవంటారు. స్టోర్స్‌లో అడిగితే మీ సెక్షన్ నుంచి ఇండెంట్ రాలేదంటారు. రిలీవర్ రాకపోతే రాత్రి ‘సి’ షిఫ్ట్ చేసినవాడే మళ్లీ పొద్దున ‘ఏ’ షిఫ్ట్ చేయాలి. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు జీతం ఇవ్వాలని చట్టం చెప్పినా మాకు ఇచ్చేది సింగిలే. ప్యాకింగ్ సెక్షన్‌లో ఆడవాళ్లు బాత్రూంకి వెళ్లాలన్నా టైమ్ రాసి సంతకం పెట్టాలి. ఎవరైనా ఒక్కరే వెళ్లి రెండోసారి అడిగితే వాళ్ల మీద ‘నెగెటివ్’ అనే ముద్ర పడిపోతుంది, ఆ ఏడాది ఇంక్రిమెంట్ పోతుంది. అలా ఒక్కొక్కరం అడిగి అడిగి విసిగాకే, కలిసి అడుగుదామన్న ఆలోచన వచ్చింది.

2. చట్టం ఏం చెబుతోందో తెలుసుకునే వచ్చాం. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం ఇచ్చింది. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం కింద ఏడుగురు కలిసి రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టుకునే వీలుండేది. 2001 సవరణ తర్వాత ఆ సంస్థలోని కార్మికుల్లో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాల్సి వచ్చేది. ఆ పాత చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌లోనూ ఇదే లెక్క. మా దగ్గర అంతకన్నా ఎక్కువమందే సభ్యత్వ రసీదు తీసుకున్నారు.

సంఘంలో చేరినందుకు బెదిరించినా, పనిలోంచి తీసేసినా అది అన్యాయమైన కార్మిక విధానం కిందికి వస్తుంది. పారిశ్రామిక వివాదాల చట్టంలో దీనికి 6 నెలల దాకా జైలుశిక్ష ఉండేది. కొత్త కోడ్‌లో మొదటిసారి తప్పుకు జరిమానా మాత్రమే, అదీ 10 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు. కోట్లలో వ్యాపారం చేసే కంపెనీకి 2 లక్షలు ఏ మూలకి? ఇక సంఘం నాయకులను ఉద్యోగాల నుంచి తీసేయకుండా ‘రక్షిత కార్మికులు’ అనే ఏర్పాటు ఉంది. మొత్తం కార్మికుల్లో 1 శాతం మందికి, కనీసం ఐదుగురికి ఆ హోదా ఇవ్వాలి. కానీ అది రిజిస్టర్ అయిన సంఘం నాయకులకే దక్కుతుంది. దరఖాస్తు మీద మొదటి సంతకం పెట్టి, అందరికన్నా ముందు దెబ్బ తినే ఏడుగురికి అది వర్తించదు.

3. విచారణ రోజు ఏం జరిగిందో చెబుతాం. సభ్యత్వం నిజమా కాదా అని చూడటానికి ఒక అధికారి వచ్చారు. రావడంలో తప్పు లేదు, అది వారి డ్యూటీ. కానీ ఆయన కూర్చున్నది హెచ్‌ఆర్ గదిలో. పక్క కుర్చీలో హెచ్‌ఆర్ మేనేజర్. బల్ల మీద మా దరఖాస్తు, సభ్యుల జాబితా తెరిచి ఉన్నాయి. షిఫ్ట్ నడుస్తుండగానే ఒక్కొక్కరినీ మైకులో పేరు చదివి పిలిచారు. గౌను, తలకు క్యాప్ తీయకుండానే వెళ్లి నిలబడ్డారు. “ఈ సంతకం నీదేనా? ఎవరైనా బలవంతంగా పెట్టించారా?” అని అడిగారు.

ప్యాకింగ్‌లో పనిచేసే ఒక అక్క తన సంతకాన్ని చూసింది, మేనేజర్ మొహం చూసింది, నాది కాదు సార్ అంది. భర్త లేడు, ఇద్దరు పిల్లలు ఇంటర్ చదువుతున్నారు. బయటికొచ్చి బాత్రూంలో ఏడ్చింది. ఆమెను మేము ఒక్క మాట కూడా అనలేదు, అనం. కానీ ఆ జవాబే మా దరఖాస్తుకు అడ్డం పడింది. కొందరు సంతకాలు తమవి కావన్నారు కాబట్టి సభ్యత్వం మీద అనుమానం ఉందని రాసుకున్నారట. ఆ ఫైలు అక్కడే ఆగిపోయింది.

అయ్యా, ఓటు వేసేటప్పుడు పోటీలో ఉన్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఎవరికి వేశావని అడుగుతారా? యూనియన్ సభ్యత్వాన్ని యాజమాన్యం ఎదుట ఒప్పుకోమని అడగడం అలాగే ఉంది.

4. ఆ తర్వాత జరిగింది చాలా మామూలుగా, కాగితాల మీద ఏ తప్పూ దొరకకుండా జరిగింది. ఒకరికి వేరే రాష్ట్రంలోని డిపోకు బదిలీ ఉత్తర్వు ఇచ్చారు. ఇద్దరి ట్రైనీ కాలం అయిపోయిందని, కన్ఫర్మ్ చేయడం లేదని చెప్పారు. ఒకరికి ఎప్పుడో జరిగిన బ్యాచ్ రికార్డు పొరపాటు మీద షోకాజ్ నోటీసు వచ్చింది. సంజాయిషీ ఇచ్చినా సస్పెన్షన్ తప్పలేదు. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకైతే కాగితం కూడా లేదు. పొద్దున్నే వచ్చి హాజరు మిషన్ మీద వేలు పెడితే ఎర్ర లైటు వెలిగింది. “నీ పేరు తీసేశారన్నా, నన్నేం అడగొద్దు” అన్నాడు సెక్యూరిటీ తమ్ముడు.

పక్క కంపెనీలో పని చూసుకుందామంటే అక్కడ పాత హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి కనుక్కుంటారు. రిలీవింగ్ లెటర్ ఇవ్వరు. కెమిస్ట్రీ చదివి, రియాక్టర్ నడపడం వచ్చిన కుర్రాడు ఇప్పుడు బైక్ మీద పార్సిళ్లు మోస్తున్నాడు. ఇంకొకరి ఈఎస్‌ఐ కంట్రిబ్యూషన్ ఆగిపోయింది. వాళ్లమ్మకు నడుస్తున్న డయాలసిస్ ఎన్నాళ్లు సాగుతుందోనని టెన్షన్. స్కూలు ఫీజులు, చిట్టీలు, ఇంటి అద్దె సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. వాళ్లుండే గది కాంట్రాక్టర్‌ది. పని పోయిన రోజే గది కూడా పోతుంది. రాత్రికి రాత్రే రైలెక్కాల్సిందే. విచారణ కోసం మళ్లీ పిలిస్తే వాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? సాక్ష్యం చెప్పేవాళ్లు లేక కేసు నీరుగారిపోతుంది.

5. కాంట్రాక్టు కార్మికుల గురించి విడిగా చెప్పాలి. మా ఫ్యాక్టరీలో పర్మినెంట్ వాళ్లకన్నా కాంట్రాక్టు వాళ్లే ఎక్కువ. ప్రధాన ఉత్పత్తి పనుల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లోనే చట్ట సవరణ వచ్చింది. అయినా రియాక్టర్ దగ్గర, సెంట్రిఫ్యూజ్ దగ్గర కాంట్రాక్టు కుర్రాళ్లే నిలబడుతున్నారు. రికార్డులో మాత్రం వాళ్లు ‘లోడింగ్’, ‘హౌస్ కీపింగ్’.

దీనివల్ల సంఘానికి జరిగే నష్టం చూడండి. కొత్త కోడ్ ప్రకారం ఒకటికి మించి సంఘాలున్నచోట, మస్టర్ రోల్‌లోని (హాజరు పట్టీలోని) కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘమే యాజమాన్యంతో చర్చలు జరిపే ఏకైక సంప్రదింపుల సంఘం అవుతుంది. అంత మద్దతు ఎవరికీ లేకపోతే 20 శాతం ఉన్నవాటితో కౌన్సిల్ వేస్తారు. కానీ కాంట్రాక్టు మనిషి పేరు కంపెనీ మస్టర్ రోల్‌లోనే ఉండదు, కాంట్రాక్టర్ రోల్‌లో ఉంటుంది. ఒకే షెడ్డులో, ఒకే వాసన పీలుస్తూ పనిచేసేవాళ్లు నలుగురైదుగురు కాంట్రాక్టర్ల పేరు మీద చీలిపోయి ఉంటారు. యాజమాన్యం తనకు అనుకూలంగా రెండో సంఘం పెట్టించాలనుకుంటే రెండు రోజుల పని. దానికి సభ్యత్వాలు హెచ్‌ఆర్ గదిలోనే రాయిస్తారు.

6. సంఘం అంటే జీతాల పెంపు గొడవే అనుకుంటారు. మా పనిలో అది ప్రాణాల సంగతి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా కంపెనీ ప్రమాదంలో 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో, ఆచూకీ దొరకనివారితో కలిపి 50 మందికి పైగా పోయారు. వారిలో చాలామంది ఇతర రాష్ట్రాల నుంచి బతకడానికి వచ్చినవాళ్లు. అక్కడ యంత్రాలు పాతబడ్డాయని తన తండ్రి చాలాసార్లు చెప్పినా వినలేదంటూ ఒక మృతుని కొడుకు పోలీసులకు ఫిర్యాదు చేసినట్టు పత్రికల్లో చదివాం. సంఘం ఉంటే ఆ ప్రమాదాలు జరిగేవి కావని మేము చెప్పలేం, చెప్పడం లేదు. కానీ ఒక మనిషి వెళ్లి మిషన్ బాగాలేదంటే పట్టించుకోనివాళ్లు, వందమంది తరఫున లెటర్‌హెడ్ మీద రాసిస్తే కనీసం రిసీవ్డ్ స్టాంపు వేసి తీసుకోవాలి. తర్వాత ఏదైనా జరిగితే ఆ కాగితం సాక్ష్యంగా నిలుస్తుంది. యాజమాన్యాలకు ఆ కాగితం అంటేనే భయం.

ఇదివరకటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ప్రమాదకర ప్రక్రియ ఉన్న ప్రతి ఫ్యాక్టరీలో కార్మికులు, యాజమాన్యం సమానంగా ఉండే భద్రతా కమిటీ వేయాలి. మా కమిటీలో కార్మికుల ప్రతినిధులు ఎవరో మాకే తెలియదు. సంతకాలు మాత్రం ప్రతి మూడు నెలలకూ పడుతున్నాయి. ఆ చట్టం స్థానంలో వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఈ కమిటీ వేయాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వు మీద ఆధారపడి ఉంది. ఆ ఉత్తర్వు పరిధిలోకి రాకపోతే కమిటీయే ఉండని చిన్న యూనిట్లు మా చుట్టూ ఎన్నో ఉన్నాయి.

7. యూనియన్లు వస్తే పెట్టుబడులు పోతాయని, బయటి నాయకులు వచ్చి ఫ్యాక్టరీలు మూయిస్తారని మీ దగ్గరికి వచ్చే పారిశ్రామికవేత్తలు చెబుతారు. వారికి సీఐఐ ఉంది, ఎఫ్‌టీసీసీఐ ఉంది, బల్క్ డ్రగ్ తయారీదారుల సంఘం ఉంది. వాళ్లు కలిసికట్టుగా మంత్రులను కలుస్తారు, కరెంటు చార్జీల మీదా పన్నుల మీదా మెమోరాండాలు ఇస్తారు. అది వాళ్ల హక్కు, మేమేమీ తప్పు పట్టడం లేదు. మాకూ అదే హక్కు కావాలంటున్నాం.

బయటివాళ్ల మాటకొస్తే, పరిమితంగా బయటివారు ఆఫీస్ బేరర్లుగా ఉండొచ్చని చట్టమే చెబుతోంది. లోపలివాడిని నోరెత్తగానే తీసేస్తారు కాబట్టే ఆ అవసరం వచ్చింది. 1918లో మద్రాసు మిల్లు కార్మికులు సంఘం పెట్టుకున్నప్పుడు దానికి నాయకత్వం వహించిన బి.పి. వాడియా బయటి మనిషే. కంపెనీ ఆయన మీద హైకోర్టుకు వెళ్లి ఇంజంక్షన్ తెచ్చుకుంది. సంఘం పెట్టడమే నేరమైపోయిన ఆ కేసు తర్వాతే రక్షణ చట్టం కావాలన్న డిమాండ్ బలపడి 1926 చట్టం వచ్చింది. మన వి.వి. గిరి గారు బారిస్టరు చదువు చదివి రైల్వే కార్మికులతో పనిచేశారు. తర్వాత దేశానికి కార్మిక మంత్రి అయ్యారు, రాష్ట్రపతి అయ్యారు.

సంఘాలుంటే పని సాగదన్నదీ నిజం కాదు. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘానికి రహస్య బ్యాలెట్‌తో ఎన్నికలు జరుగుతున్నాయి. 2023 డిసెంబరులోనూ జరిగాయి. బొగ్గు తవ్వడం ఆగలేదు. అదే సమయంలో ప్రభుత్వం చేతిలో ఉన్న ఆర్టీసీలో 2019 సమ్మె తర్వాత యూనియన్లను పక్కనపెట్టి డిపోల్లో సంక్షేమ మండళ్లు పెట్టారు. ప్రభుత్వమే అలా చేసిందని చూపించి మా మేనేజర్లు మాట్లాడారు. మీరు వేసే ప్రతి అడుగూ మా గేటు దాకా వస్తుంది.

8. ఆలస్యం సంగతి. శ్రీపెరంబుదూరు శాంసంగ్ కార్మికులు 2024లో నెలరోజులకు పైగా సమ్మె చేశారు. తమ సంఘాన్ని రిజిస్టర్ చేయాలన్నది అందులో ముఖ్యమైన డిమాండ్. మద్రాసు హైకోర్టు దాకా వెళ్లి పోరాడాక 2025 జనవరిలో రిజిస్ట్రేషన్ వచ్చింది. వాళ్లు వెయ్యిమందికి పైనే, దేశమంతా చూసింది. మాలాంటి రెండు మూడు వందల మంది ఉన్న ఫ్యాక్టరీ గురించి ఏ టీవీ వస్తుంది? సమ్మె చేద్దామన్నా ఇదివరకు ప్రజోపయోగ సేవలకే ఉన్న ముందస్తు నోటీసు నిబంధనను ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ అన్ని పరిశ్రమలకూ పెట్టింది. సగం మంది కలిసి ఒకే రోజు సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. అన్ని దారులూ ఇరుకైపోతున్నప్పుడు, రిజిస్ట్రేషన్ అనే మొదటి మెట్టయినా ఎక్కనివ్వండి.

మేము అడుగుతున్నవి ఇవి. వీటిలో చాలావాటికి కొత్త చట్టం అక్కర్లేదు, మీ సర్క్యులర్ చాలు.

ఒకటి. సభ్యత్వ విచారణ ఫ్యాక్టరీ ఆవరణలో జరగకూడదు. లేబర్ ఆఫీసులోనో పంచాయతీ ఆఫీసులోనో, సెలవు రోజున లేదా షిఫ్ట్ అయ్యాక, యాజమాన్యం మనుషులు లేకుండా జరగాలి. సభ్యుల జాబితా ఏ దశలోనూ యాజమాన్యానికి చూపించకూడదు. మొత్తం కార్మికులు ఎంతమందో తెలియాలంటే కంపెనీ రిజిస్టర్ మీరు తెప్పించుకుని మీ దగ్గరే సరిపోల్చండి. మా మొదటి డిమాండ్ ఇదే, ఇది ఒక్కటి జరిగితే సగం భయం పోతుంది.

రెండు. దరఖాస్తు అందిన 45 రోజుల్లోగా నిర్ణయం చెప్పాలి. తిరస్కరిస్తే కారణాలు రాసివ్వాలి, అప్పుడైనా అప్పీలుకు వెళ్తాం. ఏ జవాబూ ఇవ్వకుండా ఫైలు ఆపితే అప్పీలు చేయడానికి కూడా ఏమీ ఉండదు.

మూడు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి నిర్ణయం వచ్చేదాకా, సంతకం పెట్టినవాళ్ల తొలగింపు, సస్పెన్షన్, బదిలీ ఏది జరిగినా దాన్ని సంఘం మీద కక్షగా అనుమానించి మీ అధికారి వెంటనే విచారించాలి. వేరే కారణం ఉందని నిరూపించే బాధ్యత యాజమాన్యం మీద పెట్టాలి. రాష్ట్ర నియమాల్లో దీన్ని రాయండి. కేంద్రం కోడ్‌లో మార్పు అవసరమైతే అసెంబ్లీలో తీర్మానం చేసి పంపండి. సంఘ స్వేచ్ఛకు సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌వో) 87, 98 ఒప్పందాలను మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు. ఆ మాట కూడా అందులో చేర్చండి.

నాలుగు. సంప్రదింపుల సంఘాన్ని ఎన్నుకునేచోట సింగరేణి తరహాలో రహస్య బ్యాలెట్ పెట్టాలి. ప్రధాన ఉత్పత్తిలో పనిచేస్తున్న కాంట్రాక్టు కార్మికులకు అందులో ఓటు ఉండాలి.

ఐదు. సంఘంలో చేరడం నేరం కాదని, చేరినందుకు తొలగిస్తే శిక్ష ఉందని తెలుగు, హిందీ, ఒడియా భాషల్లో ప్రతి గేటు దగ్గరా బోర్డు పెట్టించాలి. ఫిర్యాదు చేయాల్సిన ఫోన్ నంబర్ దాని మీద ఉండాలి.

ఆరు. మా దరఖాస్తు మీద మళ్లీ విచారణ జరపాలి, ఈసారి ఫ్యాక్టరీ బయట. తొలగించినవాళ్లను, బదిలీ చేసినవాళ్లను తిరిగి తీసుకునేలా యాజమాన్యంతో చర్చలకు తేదీ ఇవ్వాలి. మొదటి విచారణలో మా పేర్లు ఎలా బయటికి వచ్చాయో తేల్చాలి.

ఈ లేఖ ప్రతులను రిజిస్టర్ పోస్టులోనూ పంపుతున్నాం. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే హైకోర్టులో రిట్ వేస్తాం, అందుకు కావలసిన కాగితాలు తయారుగా ఉన్నాయి. అక్కడిదాకా పోకుండానే ఇది తేలితే మాకూ మీకూ మంచిదని అనుకుంటున్నాం. చర్చకు ఎప్పుడు పిలిచినా వస్తాం.

ఇట్లు,
రిజిస్ట్రేషన్ కోసం ఎదురుచూస్తున్న ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ కార్మికులు
(గేటు లోపలివాళ్లు, గేటు బయటివాళ్లు కలిసి)